సమ్మమ్మ బాతులు, రాజక్క చెయ్యి

మా గల్లీలో సమ్మమ్మ అంటే ఏ సమ్మమ్మ అని అడుగుతారు. బాతుల సమ్మమ్మ అంటే మాత్రం కాజీపేట రైల్వే క్వార్టర్ల దాకా తెలుసు. నా కుట్టుమిషన్ వరండాలో ఉంటుంది, దానికి సరిగ్గా ఎదురుగా ఆమె వాకిలి. కాబట్టి ఆమె సంగతి చెప్పే హక్కు నాకుందని నేననుకుంటాను. ఆమెను అడిగితే, నీ జాకెట్లు నువ్వు కుట్టుకో పద్మలతా అంటుంది. అయినా చెబుతాను. రాజక్క చేసిన పనికి నా కోపం ఇంకా చల్లారలేదు.

సమ్మమ్మది రఘునాథపల్లి దగ్గర ఒక పల్లె. కట్టయ్యను చేసుకొని ఇటు వచ్చింది. కట్టయ్య మిర్చి నిల్వచేసే కోల్డ్ స్టోరేజీలో రాత్రి వాచ్‌మన్. ఎండెక్కాక ఇంటికొచ్చి, తిని, ముసుగు తన్ని పడుకుంటాడు. చెడ్డవాడు కాదు, కాకపోతే కంటికి కనబడిందల్లా నాదే అనే రకం. రేకుల ఇల్లు ఆయనది, టీవీ ఆయనది, దోమతెర కూడా ఆయనదే. బాతులు మాత్రం సమ్మమ్మవి. ఆ మాట ఆయనే ఒప్పుకునేవాడు, నీ బాతులు నా చెప్పుల మీద రెట్టేసినయ్ అని గల్లీ అంతా వినబడేలా అరిచి. ఆ అరుపు విన్నప్పుడల్లా సమ్మమ్మ ముఖం వెలిగిపోయేది. ఆ ఇంట్లో ఆమెదని చెప్పుకోవడానికి ఉన్నవి అవే.

అవి ఆమెకు దొరికిన తీరు కూడా తమాషాగానే ఉంటుంది. వరికోతలు అయిపోయాక కోస్తా వైపు నుంచి బాతుల మందలు తోలుకొని కొందరు మా ప్రాంతానికి వస్తారు. కోసిన మడుల్లో రాలిన గింజలు, నత్తలు తింటూ బాతులు ఊరూరూ తిరుగుతాయి. ఒక ఏడు సమ్మమ్మ తల్లిగారింటికి పోయినప్పుడు, మందతో నడవలేక వెనకబడ్డ పిల్లల్ని వాళ్లు వదిలేసి పోబోతుంటే, ఈమె అడిగి తెచ్చుకుంది. సబ్బుల అట్టపెట్టెలో పెట్టుకొని బస్సులో తెచ్చింది. కండక్టర్ టికెట్ అడిగితే, ఇవి ఇంకా చంటిపిల్లలు కదా అన్నదట. ఆ పిల్లల్లో కుంటుకుంటూ వచ్చిన ఒకటి తర్వాత మందకంతా పెద్ద అయింది. దాని పేరు దొరసాని.

ఆ పేరు ఊరికే పెట్టలేదు. మెడ నిక్కబొడుచుకొని అందరికంటే ముందు నడిచేది. మా గల్లీ చివర ఉన్న కుంటకు పొద్దున మందను తీసుకుపోయేదీ అదే, సాయంత్రం ఎవరూ పిలవకుండానే ఇంటికి తెచ్చేదీ అదే. ఎదురుగా బండి వచ్చి హారన్ కొడితే పక్కకు జరిగేది కాదు, ఆగి ఆ బండివాణ్ణి చూసేది. ఎవరి చేతికీ చిక్కేది కాదు. కన్నతల్లిలా పెంచిన సమ్మమ్మ సైతం దాన్ని పట్టాలంటే గంప బోర్లించాల్సిందే.

బాతుల్ని సాకడం కోళ్లను సాకినట్టు కాదని నాకు సమ్మమ్మను చూశాకే తెలిసింది. కోడి గుడ్డొచ్చే వేళకు గూడు వెతుక్కుంటుంది. బాతు ఎక్కడుంటే అక్కడే వదిలేస్తుంది, నీళ్లలో ఉంటే నీళ్లలోనే. చాలావరకు తెల్లవారకముందే పెట్టేస్తాయి గానీ కొన్ని ఎండ వచ్చేదాకా ఆపుతాయి. అందుకే వాకిట్లో ఎండ పడేదాకా గూడు తెరవకూడదు. గూడంటే పెద్దదేమీ కాదు, ఇటుకల గోడ, మీద రేకు, ముందు అడ్డంగా ఒక షాబాదు బండ. పొద్దున సమ్మమ్మ ఆ బండ కొద్దిగా జరిపి, ఒక్కో బాతునూ పట్టుకొని తోక కింద వేలు పెట్టి చూసేది. లోపల గట్టిగా గుడ్డు తగిలితే మళ్లీ గూట్లోకి, తగలకపోతే కుంటకు. దొరసాని అన్నిటికంటే ఆఖరున పెట్టేది. మిగిలినవన్నీ బయట గోలచేస్తున్నా దానికి తొందరుండేది కాదు.

గుడ్లన్నీ తీసినా గూట్లో ఒకటి మాత్రం వదిలేసేది. అది చూసి బాతులు రేపు కూడా అక్కడే పెడతాయట. ఆ గుడ్డు మీద బొగ్గుతో అడ్డంగా ఒక గీత గీసేది, పాతదని గుర్తు తెలియడానికి, పొరపాటున కూడా అమ్మకంలో కలవకుండా.

అమ్మకం సంగతి చెబితే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. బుట్టలో వడ్ల ఊక పరిచి, గుడ్లు పేర్చి, క్వార్టర్ల వైపు పోయేది. అక్కడ మలయాళం వాళ్లూ బెంగాలీ వాళ్లూ ఈమె కోసం ఎదురుచూసేవాళ్లు. మన వాళ్లయితే ఇంటికే వచ్చేవాళ్లు, అదీ చీకటి పడే వేళకు. మొలలకు బాతుగుడ్డు మంచిదని మా వైపు గట్టి నమ్మకం. కానీ నాకే కావాలి అని చెప్పిన మగవాణ్ణి నేను చూడలేదు. రిటైరైన గార్డు సారంగపాణి గారు ఏళ్ల తరబడి బావమరిది కోసం పట్టుకుపోయారు. ఆయనకు బావమరుదులు లేరని గల్లీ అందరికీ తెలుసు. సమ్మమ్మ ఏనాడూ నవ్వేది కాదు, మీ బావమరిదికి ఎట్లున్నది సారూ అని శ్రద్ధగా అడిగేది.

ఇక రాజక్క. సమ్మమ్మ ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒక్క వెనక గోడే అడ్డం. ఇద్దరూ ఒకే ఏడు కోడళ్లుగా వచ్చారు. బతుకమ్మ పూలకు కలిసే పోయేవాళ్లు, జ్వరమొస్తే ఒకరింట్లో ఒకరు వండిపెట్టేవాళ్లు. వదినె, వదినె అంటూ రాజక్క మాట్లాడుతుంటే చక్కెర వేసినట్టుండేది. ఆమె అల్లుడు హనుమకొండలో కర్రీ పాయింట్ పెట్టాడు. అల్లుడు మెచ్చుకోవాలని ఆమెకు మహా తాపత్రయం. అతను వచ్చినప్పుడల్లా సమ్మమ్మ నాలుగు గుడ్లు ఊకలో పెట్టి ఇచ్చి, మీ అల్లునికి పులుసు పెట్టు అనేది. నాకూ రాజక్క అంటే ఇష్టంగానే ఉండేది. ఆ సంగతి దాచి ఇప్పుడు పెద్దమాటలు చెప్పను.

మొన్నటి వానాకాలంలో కుంట గట్టు మీద నాచుకు కాలు జారి సమ్మమ్మ కుడి మణికట్టు విరిగింది. దవాఖానకు తీసుకుపోయిందీ, పట్టీ వేసేదాకా పక్కన కూర్చున్నదీ రాజక్కే. ఇంటికి తెచ్చాక సమ్మమ్మకు నొప్పి కంటే బాతుల ఫికరే ఎక్కువైంది. ఆ బండ ఎవరు జరపాలి, గుడ్లు ఎవరు చూడాలి అని ఒకటే గొణుగుడు. కట్టయ్య ఇంటికి వచ్చేసరికి పొద్దెక్కుతుంది. నేను మిషన్ ముందు రాత్రి దాకా కూర్చొని పొద్దున ఆలస్యంగా లేచే మనిషిని. అప్పుడు రాజక్క దుప్పటి సర్దుతూ అన్నది.

"బండ నేన్ తీస్తలే వదినె. గుడ్లు నేన్ చూస్త. నీ చెయ్యి అతుక్కునేదాక నా చెయ్యే నీ చెయ్యి అనుకో. నువ్వు జర నిమ్మలంగ పండుకో."

ఆ మాటకు సమ్మమ్మ కళ్లు తుడుచుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

కొద్దిరోజుల్లోనే గుడ్లు తగ్గడం మొదలైంది. మొదట వానకు తగ్గాయనుకున్నారు. తర్వాత బుట్టకు అడుగు కూడా నిండలేదు. సమ్మమ్మ ఎడమచేత్తో నత్తలు ఏరి కొట్టిపెట్టింది, తవుడులో గంజి కలిపింది. ఎవరి కళ్లు పడ్డాయోనని మిరపకాయలూ ఉప్పూ తిప్పి దిష్టి తీసింది. ఆ ఘాటుకు నేను అరగంట తుమ్మాను, బాతులు మాత్రం గుడ్లు పెట్టలేదు. క్వార్టర్లలో మలయాళం ఆమె రేపు, ఎల్లుండి అని ఎన్నిసార్లు వింటుంది, ఇక రావద్దని చెప్పేసింది. సారంగపాణి గారి బావమరిది కూడా వేరే మందుకు మారిపోయాడు. సమ్మమ్మ ఖాళీ బుట్ట చంకన పెట్టుకొని వచ్చి మెట్టు మీద కూలబడేది. ఆ ముఖం చూడలేకపోయేదాన్ని.

కట్టయ్యకు మాత్రం నోరు లేచింది. గుడ్లు లేని బాతులకు తిండి దండుగ, హైవే మీద దాబావాడు మొత్తం మందను కోతకు తీసుకుంటానంటున్నాడు, ఇచ్చి పారెయ్ అని రోజూ పాట. సమ్మమ్మ ఒప్పుకోలేదు, అలాగని ఎదురు చెప్పడానికి చేతిలో ఒక్క గుడ్డూ లేదు. చివరికి ఒక మెట్టు దిగింది. నిజంగా ఎండిపోయిన బాతు ఏదైనా ఉంటే దాన్ని ఇచ్చేద్దాం, మిగతావాటి జోలికి రావద్దు అన్నది. ఏది ఎండిపోయిందో చెప్పాల్సింది రాజక్క. తోక కింద వేలు పెట్టి చూసేది ఇప్పుడు ఆమే కదా. ఇన్నాళ్లలో దొరసాని గుడ్డు ఒక్కటీ గూట్లో కనబడలేదని రాజక్క చెప్పింది. సమ్మమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

ముందు వీధిలో ఉండే బేగం బీ ఇంటికి డోర్నకల్ నుంచి ఆడబిడ్డ కుటుంబం వస్తున్నది. ఒక బాతు కావాలని ఆమె ముందే చెప్పిపెట్టింది. దాబాకు పంపడం కంటే తెలిసిన ఇంటికి ఇవ్వడం నయమని సమ్మమ్మ అనుకుంది. ఆ తెల్లవారి నన్ను కూడా తోడుకు లేపింది. ఇంకా మసకగా ఉంది. రాజక్క బండ జరిపింది. సమ్మమ్మ గంప కోసం చూస్తుంటే, రాజక్క అక్కర్లేదని, నాలుకతో చిన్న చప్పుడు చేసి అరచెయ్యి చాపింది.

దొరసాని నడుచుకుంటూ వచ్చింది. నేరుగా వచ్చి ఆ చేతిలో ముక్కు పెట్టింది. రాజక్క దాన్ని చంకకెత్తుకుంటే కిక్కురుమనలేదు. నేను ఆశ్చర్యపోయాను. సమ్మమ్మ అయితే నా వైపు తిరిగి, చూసినవా, మూగజీవాలకు తెలుస్తది ఎవరు మంచోళ్లో అన్నది. తర్వాత దాని మెడ నిమిరి, ఆఖరుసారి ఒక్కసారి సరిగ్గా చూడమన్నది రాజక్కను. రాజక్క వేలు పెట్టి చూసింది. కాసేపు చూసింది.

"లేదు వదినె," అన్నది. "ఏం లేదు."

బేగం బీ సంచిలో వేసుకొని పోయింది. దొరసాని తల సంచి బయటే ఉంది, మెడ నిక్కబొడుచుకొనే ఉంది.

ఎండ వాకిట్లోకి వచ్చే వేళకు బేగం బీ తిరిగొచ్చింది. కొంగులో ఏదో పట్టుకొని గబగబా వచ్చి, సమ్మమ్మ ముందు కొంగు విప్పింది. గుడ్డు. పెంకు గట్టిపడి, తెల్లగా, ఇప్పుడో ఇంకాసేపటికో పెట్టబోయే గుడ్డు. కడిగి తెచ్చినట్టుంది, తడిగా ఉంది.

"నీకు దిమాక్ ఉన్నదా సమ్మమ్మా? గుడ్లు పెట్టే బాతును ఎవరన్న కోతకు ఇస్తరా? ఇది ఒక్కటే గాదు, దీని ఎన్క ఇంకా చిన్నయి, ఇంకా చిన్నయి, దండ గుచ్చినట్టు ఉన్నయి. మా ఆయన కత్తి పక్కన పెట్టి తల పట్టుకున్నడు."

సమ్మమ్మ ఆ గుడ్డును ఎడమచేత్తో తీసుకొని చూస్తూ ఉండిపోయింది. నాకు వెంటనే అర్థమైంది, నోటిదాకా వచ్చింది కూడా. సమ్మమ్మ నన్ను అననివ్వలేదు. రాజక్కకు పొరపాటు పడిందేమో, అలవాటు లేని చెయ్యి కదా అన్నది. ముంగిస ఎత్తుకుపోతున్నదేమో, పామేమో అన్నది. ఆమె తనకు తాను చెప్పుకుంటుంటే విన్నాను. అన్నీ అయ్యాక మెల్లగా, రేపు పొద్దున నువ్వు వచ్చి బండ తీస్తవా అని అడిగింది. రాజక్కకు మాత్రం, రేపు ఆయనకు సెలవు, ఆయనే తీస్తాడని చెప్పి పంపింది. ఇన్నేళ్లలో సమ్మమ్మ రాజక్కతో ఆడిన మొదటి అబద్ధం అదే అయ్యుంటుంది.

మరునాడు ఎండ వాకిలంతా పరుచుకునే దాకా ఇద్దరం గూడు ముందు కూర్చున్నాం. లోపల బాతులు ఒకటే గోల, ఎన్నడూ లేనంత తొందర. సమ్మమ్మ కదలనివ్వలేదు. చివరికి బండ జరిపితే, గడ్డిలో గుడ్లే గుడ్లు, పాత రోజుల్లో ఉన్నట్టే. ముంగిసా లేదు, పామూ లేదు, దిష్టీ లేదు. నేను సంతోషంతో చప్పట్లు కొట్టబోయి ఆమె ముఖం చూసి ఆగాను.

బాతులు బయటికొచ్చాయి. దొరసాని లేదు కదా, కుంట దారి మరిచి చెల్లాచెదురవుతాయేమోనని భయపడ్డాం. అవి తడబడనే లేదు. కుంట వైపు తిరగకుండా వరుసగా ఇంటి పక్క నుంచి వెనక్కు నడిచాయి. మేమిద్దరం వాటి వెనకే పోయాం. రాజక్క దొడ్డి గోడకు ఒకచోట రెండిటుకలు తీసి ఉన్నాయి. ఒకదాని తర్వాత ఒకటి ఆ కంతలోంచి దూరి పోయాయి.

మేము చుట్టూ తిరిగి దొడ్లోకి పోయాం. గోడ పక్కన, బట్టలుతికే బండ చాటున, మెత్తగా ఎండుగడ్డి పరిచి ఉంది. గడ్డిలో బాతులు కూర్చొని కూర్చొని పడిన గుంటలున్నాయి. పక్కన పళ్లెంలో తవుడు తడిపి పెట్టి ఉంది. గడ్డి మధ్యలో ఒక్క గుడ్డు. దాని మీద బొగ్గుతో అడ్డంగా గీత.

సమ్మమ్మ ఆ గీతను చూసి అక్కడే కూర్చుండిపోయింది. ఆ కిటుకు రాజక్కకు నేర్పింది ఆమే.

చప్పుడు విని రాజక్క బయటికొచ్చింది. మమ్మల్ని చూసి గడప మీదే ఆగిపోయింది. నేను ఊరుకోలేదు. చీకట్లోనే గూడు తెరిచి బాతుల్ని ఇటు మళ్లించావని, అల్లుడి కర్రీ పాయింట్‌లో బాతుగుడ్ల పులుసు ఎవరి గుడ్లతో మరిగిందో ఇప్పుడు తెలిసిందని, నోటికొచ్చినవన్నీ అన్నాను. రాజక్క నా వైపు చూడనైనా చూడలేదు. సమ్మమ్మనే చూస్తూ, తప్పయింది వదినె అన్నది. అల్లుడు రోజూ కావాలన్నాడని, తాను అడిగితే సమ్మమ్మ ఇస్తుందని తెలుసనీ చెప్పింది. రోజూ చెయ్యి చాపి అడుక్కోవడానికే మనసొప్పలేదట.

సమ్మమ్మ లేచి నిలబడి అడిగింది.

"గుడ్లు పోనియ్ రాజక్క. తిన్నోళ్లు తిన్నరు. నిన్న దొరసానికి ఏలు పెట్టి చూసినవు గదా. తగిలిందా, లేదా?"

రాజక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తగిలింది వదినె. ఉన్నదంటె, ఇన్నొద్దుల గుడ్లు ఏడ వోయినయని అడుగుతవని..."

ఆ పైన సమ్మమ్మ వినలేదు. తిట్టలేదు, శాపనార్థాలు పెట్టలేదు. తిరిగి నడిచింది. ఆమె వెనక నడుస్తుంటే ఆమె భుజాలు కదలడం కనబడింది. ఇంటి మలుపు దగ్గర ఆగి, నాతో ఒక్క మాట అన్నది.

"నాకు చిక్కని బాతు దానికి చిక్కిందంటె, మంచోళ్లను పసిగట్టిందనుకున్న పద్మా. తవుడు పెడ్తదని వచ్చిందది."

ఇది జరిగి నెలలు గడిచాయి. గోడ కంతను సమ్మమ్మ ఇటుకలతో మూసేసింది. రాజక్క రెండు మూడుసార్లు వాకిట్లోకి వచ్చింది, పండక్కి సత్తుపిండి కూడా తెచ్చింది. సమ్మమ్మ లోపలి నుంచి రాలేదు. దాబావాడు వచ్చి ఉత్త చేతులతో పోయాడు. క్వార్టర్లలో మలయాళం ఆమె మళ్లీ తీసుకుంటున్నది. సారంగపాణి గారి బావమరిదికి మళ్లీ మొలలు మొదలయ్యాయి. గుడ్లయితే పాత దారికి వచ్చాయి. బాతులే రాలేదు. ఇప్పటికీ పొద్దున వదలగానే ముందు ఆ మూసిన గోడ దగ్గరికే పోతాయి. కాసేపు అక్కడ నిలబడి అరిచి, ఆ తర్వాత కుంటకు మళ్లుతాయి. వాటికి ఎవరూ ఏమీ చెప్పలేదు కదా.

సమ్మమ్మ పట్టీ విప్పారు గానీ మణికట్టు సరిగా వంగడం లేదు. బండ జరపలేకపోతున్నది. అందుకని పొద్దున నేనే పోతున్నాను, ఇన్నేళ్ల నా నిద్ర అలవాటు మానుకొని మరీ. బాతును ఎలా పట్టాలో, వేలు ఎలా పెట్టాలో ఆమే నేర్పింది. ఇప్పుడు నా చెయ్యి బాగానే అలవాటు పడింది. ఒక్కోదాన్ని చూసి, దీనికి ఉంది, దీనికి లేదు అని చెబుతాను.

మంచిది బిడ్డా అంటుంది సమ్మమ్మ. అని, ఆ బాతును నా చేతుల్లో అలాగే పట్టుకోమని, తన ఎడమచేతి వేలు పెట్టి మళ్లీ చూసుకుంటుంది. ప్రతి బాతునూ, ప్రతి పొద్దునా. మొదటిరోజు నాకు చురుక్కుమంది, నేను రాజక్కనా అని అడగబోయాను. ఆమె కళ్లు నా వైపు లేవు, నేల చూస్తున్నాయి, సిగ్గుపడుతున్నట్టు. ఆమె చూసుకునేదాకా బాతును కదలకుండా పట్టుకుంటున్నాను.